నీరసానికి తొమ్మిది ఇంగ్లీషు మాటలు

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఇంగ్లీషు చెప్పడానికి కొత్తగా చేరుతున్న వాళ్ళు నా ఇంటికొచ్చి ఒకటే అడుగుతారు. "రాజ్యలక్ష్మి మేడం, మీ నోట్స్ ఇస్తారా?" అని. ఇవ్వను! నోట్స్ చేతికొస్తే పనైపోయిందనుకుంటారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ మెట్లు ఎక్కి దిగాను. మోకాళ్ళు అరిగాయి, గొంతు బొంగురుపోయింది, పోయినేడాది మానేశాను. నోట్స్‌లో ఉన్నదంతా ఇవాళ ఫోన్లో దొరుకుతుంది. ఫోన్లో దొరకనివి నేను చేసిన తప్పులు. అవి కావాలంటే కూర్చోండి, కాఫీ కలుపుతాను, తనివితీరా చెబుతాను.

అన్ని తప్పులూ చెప్పాలంటే సాయంత్రం సరిపోదు. ఒక్కటి చెబుతాను. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది, ఆ వెంటనే ఎగిరి గంతేయాలనిపిస్తుంది. రెండూ ఒకే కథలో ఎలాగో మీరే చూడండి.

ఈ పని అసలు ఏమిటంటే

మాది నారాయణగూడ. నాన్న సర్కారు ఉద్యోగానికని గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను పుట్టింది, చదివింది, కాపురం చేసింది అంతా చిక్కడపల్లికీ నారాయణగూడకూ మధ్యనే. ఇంట్లో ఒక తెలుగు, గడప దాటితే ఇంకో తెలుగు. రెండూ నావే అని గొప్పలు పోతుండేదాన్ని.

నా క్లాసుకొచ్చే పిల్లలు ఎక్కువమంది పాలమూరు వైపు వాళ్ళు. తెలుగు మీడియంలో డిగ్రీ చేసి, బ్యాంకు ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి, ఒక గదిలో అయిదుగురు సర్దుకుని ఉంటారు. లెక్కలు చకచకా చేస్తారు. ఇంగ్లీషు పేపరు తెరిస్తే మాత్రం గుండె జారిపోతుంది. వాక్యంలో ఖాళీ ఇచ్చి, కింద నాలుగు మాటలిస్తారు. నాలుగూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. ఏది సరిగ్గా అతుకుతుందో చెప్పాలి. ఒక్క మార్కు తేడాతో వెనక్కి పోయిన పిల్లలు నా ముందు కూర్చుని ఏడ్చారు, ఒకరూ ఇద్దరూ కాదు.

దీనికి మేమంతా చేసేది ఏమిటంటే పట్టికలు వేయడం. ఎడమ పక్క తొమ్మిది ఇంగ్లీషు మాటలు, కుడి పక్క ఒక్క తెలుగు మాట. టయర్డ్, ఎగ్జాస్టెడ్, వియరీ, డ్రౌజీ, స్లగ్గిష్, లిస్ట్‌లెస్, లాంగ్విడ్, లెథార్జిక్, లేజీ. ఎదురుగా, ‘నీరసం, బద్ధకం’. అయిపోయింది, తర్వాతి పేజీ! నేనూ ఏళ్ళ తరబడి అలాగే చెప్పాను. జీతం కూడా తీసుకున్నాను.

ఒకరోజు సెలవు చీటీ రాయమంటే ఒక పిల్లాడు రాసింది చదివి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ‘రెండు రోజులుగా నేను సోమరిగా ఉన్నాను, కనుక దయచేసి సెలవు మంజూరు చేయండి’ అని శుభ్రమైన ఇంగ్లీషులో రాశాడు. నీరసంగా ఉందని వాడి భావం. పట్టికలో నేను చెప్పిందే రాశాడు పాపం. ఆ చీటీ చూసి ఏ మేనేజరైనా సెలవిస్తాడా? సెలవు కాదు, శాశ్వతంగా సెలవిస్తాడు. ఆ రోజే పట్టిక చించేశాను.

బిర్యానీ పరీక్ష

ఆ తర్వాత వారం రోజులు నాకు పిచ్చి పట్టినట్టయింది. వంటింట్లో, బస్సులో, కూరగాయల బండి దగ్గర, ఎక్కడున్నా ఈ తొమ్మిది మాటలే. మా ఇంట్లో జ్వరమొస్తే సుస్తీ చేసిందంటారు. మా సందు చివర చాయ్ హోటల్ ఆయన, పనివాడు పని ఎగ్గొడితే సుస్తీ అని తిడతాడు. ఒకే మాట, మాకేమో జబ్బు, ఆయనకేమో సోమరితనం! జనం నోట్లోనే ఇంత గందరగోళం ఉంటే పరీక్షలో పిల్లలు తికమకపడరా మరి?

చివరికి దారి దొరికింది. మా సెంటర్‌లో ఎవరికో ఉద్యోగం వచ్చి అందరికీ బిర్యానీ పెట్టించారు. ఆకుల్లో వడ్డిస్తుంటే పిల్లల మొహాలు చూశాను. అంతే, చేయి కడుక్కోకుండానే బోర్డు దగ్గరికి పరిగెత్తాను.

తొమ్మిది మందిని వరసగా కూర్చోబెట్టండి, ఒక్కొక్కరి ముందు ప్లేటు బిర్యానీ పెట్టండి. పొద్దున్నుంచీ పనిచేసి వచ్చినవాడు టయర్డ్. వాడు గబగబా తింటాడు, తిని లేచి కూర్చుంటాడు. ఎగ్జాస్టెడ్‌కి నమిలే ఓపిక కూడా లేదు, ముందు పడుకుంటాడు, రేపు పొద్దున తింటాడు. వియరీ మనిషి తింటూ తింటూ "ఇంకెన్నాళ్ళో ఈ బతుకు" అంటాడు, వాడి అలసట ఇవాళ్టిది కాదు. డ్రౌజీ వాడు ప్లేటు మీదే తూగుతాడు. లిస్ట్‌లెస్‌కి బిర్యానీ అయినా ఒకటే, గంజి అయినా ఒకటే, దేని మీదా మనసు లేదు. లాంగ్విడ్ మనిషి జమీందారులాగా ఒక్కొక్క మెతుకూ తీరిగ్గా తింటాడు, అది చూడ్డానికి ముచ్చటగా కూడా ఉంటుంది. స్లగ్గిష్ మనిషికే కాదు, బండికీ మురుగు మోరీకీ బజారుకీ కూడా చెల్లుతుంది, కదులుతుంది గానీ ఈడ్చుకుంటూ కదులుతుంది.

ఇక మిగిలినవి రెండు. లెథార్జిక్ మనిషికి తినాలనే ఉంటుంది, చెయ్యి లేవదు. నిద్రపోయి లేచినా లేవదు. లేజీ వాడు ప్లేటు మొత్తం ఖాళీ చేస్తాడు, ఆ ప్లేటు కడగమంటే మాత్రం "రేపు కడుగుత మేడం" అంటాడు.

క్లాసు క్లాసంతా బల్లలు చరిచారు! ఆ రోజు పెట్టిన పరీక్షలో ముప్పాతిక మందికి అన్నీ కరెక్టు. నేను ఇంటికి నడుస్తూ వెళ్ళలేదు, గాల్లో తేలుతూ వెళ్ళాను. ఈ ఉద్యోగంలో డబ్బు లేదు, పేరు లేదు, కానీ ఒక మాట ఒక మనిషికి అర్థమైన క్షణంలో వాడి కళ్ళు వెలుగుతాయి చూడండి, దాని కోసం ఎన్ని మెట్లైనా ఎక్కొచ్చు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగితే నేను రాజ్యలక్ష్మిని ఎలా అవుతాను?

పదానికో మనిషి

ఆ ఊపులో నేనొక అలవాటు మొదలుపెట్టాను. రోజుకో మాట, ఆ మాటకు క్లాసులోంచే ఒక మనిషి. బోర్డు మీద మాట రాసి, పక్కన ఆ పిల్లాడి పేరు రాసేదాన్ని. ఊరికే వాగేవాడు గారలస్, దేనికీ జంకనివాడు ఆడేషియస్. వారమంతా క్లాసులో ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. పరీక్ష హాల్లో మాట మరిచిపోయినా మనిషి గుర్తొస్తాడు. మా డైరెక్టర్ నరసింహ గారికి ఇది ఎంత నచ్చిందంటే, ‘పదానికో మనిషి, జిందగీల మరువరు’ అని పాంప్లెట్లు కొట్టించి చిక్కడపల్లి చౌరస్తాలో పంచిపెట్టించారు.

ఆ బ్యాచ్‌లో సుజాత అనే అమ్మాయి ఉండేది. వాళ్ళ ఊరు పాలమూరు దగ్గర, ఇల్లు అంబర్‌పేటలో ఒక బస్తీ. తల్లి బాలమణి కట్టుబడి పనికి వెళ్తుంది, ఇటుకలు మోస్తుంది, తండ్రి లేడు. తల్లి ఒక్క ఏడాది గడువిచ్చింది. ఏడాదిలో ఉద్యోగం వస్తే సరి, లేకపోతే తనతోపాటు పనికి రావాలి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా, ఆ పిల్ల మూడో బెంచీలో కూర్చుని రోజూ గోడకానుకుని కళ్ళు మూస్తుందని. పిలిస్తే ఉలిక్కిపడి లేచేది, అడిగిన దానికి ఆలస్యంగా, మెల్లగా జవాబు చెప్పేది. నోట్స్ సగం రాసి వదిలేసేది.

నాకు నిద్రపోయే పిల్లల్ని చూస్తే ఒళ్ళు మండేది. నేను గొంతు చించుకుంటుంటే నువ్వు కునుకు తీస్తావా!

ఒకరోజు ఈ తొమ్మిది మాటలూ మళ్ళీ చెబుతున్నాను. సుజాత తల వాలిపోయింది. నేను చాక్‌పీస్ తీసుకుని, బోర్డు మీద లేజీ అని పెద్దక్షరాలతో రాసి, పక్కన సుజాత అని రాశాను. అరవై మంది ఘొల్లున నవ్వారు. ఆ పిల్ల లేచి, బోర్డు చూసి, నా వైపు చూసి, మళ్ళీ కూర్చుంది. బోర్డు మీద ఉన్నది తన పుస్తకంలో రాసుకుంది, పేరుతో సహా.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. చూశారా, అందుకే లేజీ అన్నాను, అనుకున్నాను నేను! మనం ఎంత మూర్ఖంగా ఉండగలమో దానికి హద్దు లేదు.

శంకర్ లేచి నిలబడ్డాడు

ఎనిమిదో రోజు పాత మాటలు తిరగేస్తున్నాం. నేను "లేజీ?" అనగానే క్లాసంతా ఒక్క గొంతుతో "సుజాత!" అంది. వెనక బెంచీలోంచి శంకర్ లేచాడు. కల్వకుర్తి పిల్లాడు, నెలకోసారి కూడా నోరు విప్పడు.

"కాదు మేడం."

"ఏంటి కాదు?"

"తప్పు చెప్పిన్రు మేడం మీరు. మీ బిర్యానీ లెక్క ప్రకారమే చెప్తున్న. లేజీ అంటే తింటడు గని ప్లేటు కడగడు అన్నరు కద. గామె అట్ల కాదు. గామెకు తినాలనే ఉంటది, చెయ్యి లేస్తలేదు."

నాకు కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. "నీకెలా తెలుసు?" అన్నాను గద్దించినట్టుగా.

"నేను చిక్కడపల్లి లైబ్రరీల చదువుత మేడం. గామె గూడ ఆడికే వస్తది. తలుపు తీయకముందే వచ్చి నిలబడ్తది. లోపట గూడ నిలబడే చదువుతది, బీరువా మీద పుస్తకం పెట్టుకుని. ఏందక్కా కూసోవా అంటే, కూసుంటె నిద్రొస్తది తమ్మీ అన్నది. రాత్రి తొమ్మిదింటికే పండుకుంటదంట, పొద్దుగాల లేస్తె మల్ల ఒళ్ళు లేవదంట. సోమరోళ్ళు నిలబడి చదువుతరా మేడం?"

నేను చాక్‌పీస్ కింద పెట్టేశాను. రాత్రంతా నిద్రపోయినా పోదు, తినాలనే ఉంటుంది, చెయ్యి లేవదు. నేను తయారు చేసిన పరీక్ష! నేనే గర్వపడి చెప్పుకున్న పరీక్ష! నా కళ్ళ ముందు అది ఒక మనిషి రూపంలో మూడో బెంచీలో కూర్చుంటే గుర్తుపట్టలేకపోయాను. ఈ పిల్లాడు గుర్తుపట్టాడు. నా మొహం మాడిపోయింది, కానీ లోపల ఎక్కడో, చెబితే నమ్మరు, ఆ పిల్లాడి మీద ముచ్చటేసింది. నేను చెప్పిన పాఠాన్ని నా కంటే బాగా వాడిన మొదటి మనిషి వాడు.

"క్లాసు అయిపోయింది, ఇంటికి పొండి" అన్నాను. "శంకర్, వాళ్ళ ఇల్లెక్కడో చూపిస్తావా?"

అంబర్‌పేటలో

శంకర్, నేను ఆటోలో వెళ్ళాం. రేకుల ఇల్లు, ఒకటే గది. బాలమణి అప్పుడే పనిలోంచి వచ్చి మొహం కడుక్కుంటోంది. సుజాత లోపల చాప మీద పడుకుని ఉంది. నన్ను చూసి లేవబోయి గోడ పట్టుకుంది.

నేనెవరో చెప్పాను. బాలమణి మొహం ఏ మాత్రం మారలేదు.

"ఎరుకే మేడం. పెద్ద మేడం బోర్డు మీద రాసిందంట కద. ఇగ నేనేం జెప్పాలె? నేను రెండేండ్ల సంది మొత్తుకుంటున్న, ఇది సోమరిదైందని. మీ అసొంటి సదువుకున్నోళ్ళే అన్నంక ఇగ ముచ్చటే లేదు. కోచింగ్ బంద్ జేపిచ్చిన. సోమారం సంది నా ఎంబడి పనికి తోల్కపోత."

ఆ తల్లి కూతురిని అనుమానిస్తూనే ఇంతకాలం చదివిస్తూ వచ్చింది. నేను బోర్డు మీద రాసిన ఒక్క మాట ఆమె అనుమానానికి ముద్ర వేసింది. టీచరు మాట అంటే అంత. మనకు అది నోటి దురుసు, వాళ్ళకు అది తీర్పు. కొత్తగా చేరేవాళ్ళూ, ఇది మాత్రం గట్టిగా గుర్తు పెట్టుకోండి.

"అమ్మా, నేను తప్పు రాశాను" అన్నాను. "ఈ పిల్లది సోమరితనం కాదనిపిస్తోంది. ఒక్కసారి డాక్టరుకు చూపిద్దాం."

"ఏం రోగం మేడం? జరమా, దగ్గా? తింటది, పంటది. పన్నెండు గంటలు పండుకున్న మనిషికి రోగమేంది?"

"అదేనమ్మా రోగం! పన్నెండు గంటలు పడుకున్నా లేవలేకపోవడమే!"

నా గొంతు పెరిగిపోయింది, పక్కింటివాళ్ళు తొంగి చూశారు. బాలమణి కాసేపు నన్నూ కూతురినీ మార్చి మార్చి చూసింది. "మంచిది. శనారం నాడు చూపెడదాం. డాక్టరు ఏం లేదంటే సోమారం పనికి వస్తది. మల్ల మీరు నా ఇంటికి రావొద్దు" అంది.

నేను గుమ్మం దాటుతుంటే సుజాత మెల్లగా అంది. "మేడం, డాక్టరు ఏం లేదంటే ఎట్ల? గప్పుడు నేను నిజంగనే సోమరిదాన్ని అయిత కద."

శనివారం దాకా నా కంటికి కునుకు రాలేదు. తొమ్మిది మాటలూ పేర్చి తేడాలు చెప్పిన నేను, ఇప్పుడు ఎనిమిదో మాట, లెథార్జిక్ మీద ఒక పిల్ల బతుకు పందెం కాశాను.

నల్లకుంట డాక్టరు

నల్లకుంటలో ఒక లేడీ డాక్టరు ఉంది, నెమ్మదస్తురాలు. శనివారం తల్లీకూతుళ్ళను అక్కడికి తీసుకెళ్ళాను. ఆమె సుజాతను కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. "ఎప్పటి నుంచి ఇట్ల ఉంది? నిద్రపోతే తగ్గుతుందా? పని చెయ్యాలని ఉంటదా, ఉండదా? జుట్టు రాలుతుందా? అందరికంటే చలి ఎక్కువ అనిపిస్తదా?"

ఒక్కో ప్రశ్నకు నేను కుర్చీలో ముందుకు జరుగుతున్నాను. మొదటి మూడూ నా ప్రశ్నలే! బిర్యానీ లేదు గానీ పరీక్ష అదే! సుజాత చెప్పేది వింటూ డాక్టరు చీటీ మీద ఒక మాట రాసింది. మెడ సాచి చూశాను. లెథార్జిక్.

"అదే! అదే మాట!" అని అరిచేశాను.

డాక్టరు కళ్ళజోడు పైనుంచి చూసి, "మీరెవరండీ?" అంది.

"ఇంగ్లీషు టీచర్ని."

"మంచిది. జర కూర్చోండి."

రక్త పరీక్ష చేయించారు. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. థైరాయిడ్ పనిచేయడం బాగా తగ్గిపోయింది, దాని మీద రక్తం కూడా తక్కువ. "ఈ అమ్మాయి ఇన్నాళ్ళు నడిచి తిరిగిందంటేనే గొప్ప" అంది డాక్టరు. "మందులు వాడితే కుదురుకుంటది. ఒక్క రోజులో కాదు, నెల రెండు నెలలు పడుతది. భయపడకండి."

రోగం బయటపడినందుకు చప్పట్లు కొట్టిన మనిషిని ఆ డాక్టరు అంతకుముందు చూసి ఉండదు. నేను కొట్టాను! వరండాలో అందరూ చూస్తుండగా సుజాతను పట్టుకుని ఊపేశాను. ఆ పిల్ల ఏడుస్తూ నవ్వుతోంది, "నాకు రోగమే మేడం, రోగమే" అని. బాలమణి మాత్రం గోడ వైపు తిరిగి నిలబడింది. ఆమెకు ఏమనిపించిందో అప్పుడు నేను పట్టించుకోలేదు, నా సంతోషంలో నేనున్నాను.

సోమవారం సుజాత పనికి వెళ్ళలేదు.

డైరెక్టర్ గారితో పోట్లాట

సుజాత క్లాసుకు తిరిగొచ్చిన రోజు అందరి ముందు చెప్పాను, నేను తప్పు రాశానని. తొమ్మిది మాటల్లో ఎనిమిది మాటలు ఒంటి గురించో మనసు గురించో చెబుతాయి. లేజీ ఒక్కటే నేరం మోపుతుంది. ఆ ఒక్కదాన్ని మనిషి మీద వేసే ముందు, మిగిలిన ఎనిమిదీ అడిగి చూడాలి. ఇది పరీక్షలో రాదు, అయినా రాసుకోండి అన్నాను. రాసుకున్నారు. "ఇకనుంచి పదానికో మనిషి బంద్" అని కూడా ప్రకటించాను.

నరసింహ గారు ఉరుకులు పరుగుల మీద వచ్చారు. "ఏంది మేడం, ఏమైంది మీకు? పాంప్లెట్ల మీద కొట్టిచ్చినం. పిల్లలకు గుర్తుంటున్నది కద!"

"గుర్తుంటుంది సార్. ఆ పిల్లకు కూడా జీవితాంతం గుర్తుంటుంది, అదే నా బాధ."

"ఒక్క పిల్ల కోసం పద్ధతే మారుస్తరా?"

"మారుస్తాను. లేదంటే రేపటి నుంచి ఇంగ్లీషు మీరే చెప్పండి."

ఆయన బుర్ర గోక్కున్నారు. మంచివాడే, వ్యాపారం తెలిసిన మంచివాడు. చివరికి అన్నారు. "సరే, మనిషి కావాలె అంటే నన్ను పెట్టుకోండ్రి. నన్నెవ్వలు ఏమనలేరు కద."

పెట్టాను! లాంగ్విడ్ అంటే నరసింహ గారు. మధ్యాహ్నం భోంచేసి రివాల్వింగ్ కుర్చీలో వెనక్కి వాలి, పంఖా కింద పాన్ నములుతూ ఆయన ఫోనెత్తే తీరు చూడాలి, అబ్బ, ఏం సొగసు! పిల్లలు పగలబడి నవ్వారు, ఆయన మెట్ల మీద ఎదురైతే ఇంకా నవ్వారు. స్లగ్గిష్‌కి మా బిల్డింగు లిఫ్టు, లిస్ట్‌లెస్‌కి సెంటర్ ముందు ఎండలో పడుకునే కుక్క. ఎవరి మనసూ నొచ్చుకోలేదు, మాటలు అంతే బాగా గుర్తున్నాయి. అంటే ఇన్నాళ్ళూ పిల్లల్ని వాడుకోవాల్సిన అవసరమే లేదన్నమాట. ఈ ముక్క మొదట్లోనే తట్టి ఉండాల్సింది.

పరీక్షకు నాలుగు నెలలుంది. మొదటి నెల సుజాత అలాగే వాలిపోతూ ఉండేది. నాకు లోపల భయం, బయటికి ధైర్యం. బాలమణి ఇచ్చిన గడువు కూడా ఆ పరీక్షతోనే ముగుస్తుంది. రెండో నెలలో ఒకరోజు సుజాత మూడో బెంచీలోంచి చెయ్యెత్తింది.

"మేడం, వియరీకి ఎగ్జాస్టెడ్‌కి తేడా మీరు చెప్పింది సరిపోలే. మా అమ్మ పొద్దుగాల పనికి పొయ్యేటప్పుడు గూడ వియరీనే ఉంటది. అప్పటికి ఇంక పనే చెయ్యలే కద. మరి బలం లేకపోవుడా, విసుగా?"

నేను బోర్డుకు ఆనుకుని నిలబడ్డాను. ఆ ప్రశ్న అడగడానికి ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు. ఆనందంతో నోట మాట రాలేదు, నాకు మాట రాకపోవడం మా సెంటర్ చరిత్రలో అదే మొదలు! ఆ రోజు మొదలు ప్రశ్నలే ప్రశ్నలు. నన్ను చాయ్ కూడా తాగనిచ్చేది కాదు. క్లాసు అయ్యాక శంకర్, తను కలిసి మెట్ల మీద కూర్చుని మాటల తేడాల మీద తగువులాడుకునేవాళ్ళు, నేను కిటికీలోంచి వినేదాన్ని.

కాగితం

ఫలితాలు మధ్యాహ్నం వచ్చాయి. నేను స్టాఫ్‌రూమ్‌లో భోజనం డబ్బా విప్పబోతున్నాను. మెట్ల మీద ధడధడ చప్పుడు, సుజాత పరిగెత్తుకుంటూ వచ్చింది. మూడంతస్తులు, లిఫ్టు కోసం ఆగకుండా! రొప్పుతూ ఫోను నా మొహంలో పెట్టింది. ఆమె నంబరు ఉంది. క్లర్కు ఉద్యోగం. ఇంగ్లీషులో వచ్చిన మార్కులే గట్టెక్కించాయి. ఇద్దరం గట్టిగా అరిచాం, నరసింహ గారు కుర్చీలోంచి లేచి మరీ వచ్చారు. శంకర్‌కు ఆ సారి రాలేదు, మరుసటి సారి వచ్చింది, ఆ మాట కూడా చెప్పాలి.

మర్నాడు పదకొండింటికి బాలమణి వచ్చింది. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, చీర మీద సిమెంటు. మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడం, నాకు ఒక కాగితం కావాలె."

"ఏం కాగితం అమ్మా?"

"మా పిల్ల సోమరిది కాదని రాసియ్యుండ్రి."

నవ్వబోయి ఆగాను. "ఇంకా కాగితమెందుకు? ఉద్యోగమే వచ్చింది కదా, అదే చెబుతుంది."

"లేదు మేడం. నౌకరి అస్తె అదృష్టం అంటున్నరు. పండుకుంటె గూడ నౌకరి అచ్చింది నీ బిడ్డకు, నసీబు మంచిది అంటున్నరు. వాళ్ళ తప్పు లేదు. నల్లా నీళ్ళ కాడ, పని కాడ, అందరికి నేనే చెప్పిన, నా బిడ్డ సోమరిదని. రెండేండ్లు చెప్పిన." ఆమె చీర మీది సిమెంటు దులుపుకుంది. "ఒకపారి చీపురు తోని కొట్టిన మేడం. అది లేవలేకపోయింది. నేను లేస్తలేదు అనుకున్న."

నేను మిఠాయి డబ్బా పక్కకు జరిపాను.

"మీరు బోర్డు మీద రాస్తె అందరు నమ్మిన్రు. ఇది గూడ నమ్ముతరు. రాయుండ్రి" అంది.

సెంటర్ లెటర్‌హెడ్ తీశాను. జీవితమంతా ఇంగ్లీషు రాసిన చేయి, అది మాత్రం తెలుగులో రాశాను. ముద్ర వేశాను. ఆమెకు చదువు రాదు, చదివి వినిపించమంది. చదివాను.

"బాలమణి గారి కూతురు సుజాత సోమరి కాదు. ఎప్పుడూ కాదు. ఆమెకు జబ్బు చేసింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు. అడగకుండానే సోమరి అన్నవాళ్ళలో నేను ఒకదాన్ని. తప్పు నాది. ఇట్లు, రాజ్యలక్ష్మి, ఇంగ్లీషు టీచరు."

బాలమణి రెండుసార్లు చదివించుకుంది. తర్వాత కాగితం నా ముందుకు జరిపి, నా పేరు కింద ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టింది.

"ఈడ నా పేరు గూడ రాయుండ్రి మేడం."

రాశాను. స్టాంపు ప్యాడ్ దగ్గరికి లాక్కుని, ఆమె తన పేరు పక్కన బొటనవేలు గట్టిగా నొక్కింది.